గాజు ఆపేసిన ఎండ

తాబేలుకి నీళ్లూ తిండీ ఉంటే చాలదా, లైటెందుకని అడిగేవాళ్లకి నేను బెర్లిన్ నుంచి మొదలుపెడతాను. గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి కాంతి పాఠం చెప్పినవాణ్ణి, అంత తేలిగ్గా వదలను.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన చలికాలంలో అక్కడ ఎండా తిండీ లేక పిల్లలకు దొడ్డికాళ్లు వచ్చేస్తుండేవి. కుర్ట్ హుల్డ్‌షిన్‌స్కీ అనే పిల్లల డాక్టరు వాళ్లను పాదరస దీపం ముందు ఉంచాడు. ఒక్క చేతికే వెలుగు తగలనిచ్చి ఎక్స్‌రే తీస్తే రెండో చేతి ఎముక కూడా గట్టిపడి కనిపించింది. అంటే మందేదో చర్మంలోనే తయారై ఒంట్లోకి పాకుతోందన్నమాట. తర్వాత దాన్ని విటమిన్ డి అన్నారు. ఆ దీపం బుడ్డి మామూలు గాజుది కాదు, క్వార్ట్జ్‌ది. ఆ పని చేసే యూవీబీని (280 నుంచి 315 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని) కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. తాబేలుకీ ఈ విటమినే కావాలి కాబట్టి దాని దీపాల కథంతా ఈ అద్దంతో పేచీయే.

1927లో లండన్ జూలో సరీసృపాల ఇల్లు కట్టించినప్పుడు జోన్ ప్రాక్టర్ (కొమోడో డ్రాగన్‌ని వెంటబెట్టుకుని జూలో షికారు చేసిన మనిషి) యూవీని లోపలికి రానిచ్చే వీటాగ్లాస్ పెట్టించింది. అంత తెలిసీ, ఇళ్లలో పెంచే తాబేళ్లను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

అమెరికాలో చిల్లర కొట్లలో చెవి దగ్గర ఎర్రచార ఉన్న స్లైడర్ తాబేలు పిల్లల్ని కారుచౌకగా అమ్మేవాళ్లు. ప్లాస్టిక్ గిన్నె, మధ్యలో దిబ్బ, దానిమీద ప్లాస్టిక్ తాటిచెట్టు, తినడానికి ఎండబెట్టిన చీమగుడ్లు. డిప్ప మెత్తబడి, కళ్లు వాచి చాలావరకు చచ్చిపోయేవి. పోతే ఇంకోటి కొనేవాళ్లు. 1975లో 4 అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని ప్రభుత్వం ఆపిందంటే తాబేళ్ల మీద జాలితో కాదు, వాటినుంచి పిల్లలకు సాల్మొనెల్లా అంటుకుంటోందని. దీపం పుట్టిందీ, నిషేధం వచ్చిందీ మన పిల్లల కోసమే!

1990లలో యూవీబీని బయటికి వదిలే గాజుతో సరీసృపాల కోసమే ట్యూబులొచ్చాయి. 2006లో లూసియానాలో 12 స్లైడర్లలో సగానికి ఆ వెలుగునిచ్చి చూస్తే, వాటి రక్తంలో విటమిన్ డి మిగతావాటికి రెట్టింపు పైనే తేలింది. ఆ రోజుల్లోనే కొన్ని చిన్న బల్బులు మరీ పొట్టి తరంగాలు వెదజల్లి పెంపుడు జంతువుల కళ్లు పుండ్లు చేశాయి. 2010లో గ్యారీ ఫెర్గూసన్ బృందం బల్లుల్నీ పాముల్నీ వాటి తావుల్లోనే గమనించి, ఏది ఎంత ఎండ కోరుకుంటుందో నాలుగు మండలాలుగా విడగొట్టింది. ఆ లెక్కన స్లైడర్ తాబేలుది మూడో మండలం. నన్నడిగితే అసలైన మలుపు అదే. అంతదాకా అందరూ డబ్బామీది వాట్లూ పర్సెంట్లూ చూసి కొన్నారు. జంతువు వీపు మీద పడే యూవీ ఇండెక్సు ఎంతో చూడాలన్న ఆలోచన అప్పుడు నిలదొక్కుకుంది.

హ్యూస్టన్‌లో మా మనవరాలి తాబేలు తొట్టికి లైటు నేనే బిగించాను. ఎండ కాగే చెక్కకి సూటిగా పైన, వేడిబల్బు పక్కనే, పొడుగాటి టీ5 ట్యూబు. పక్కనుంచి పెడితే కంట్లో పడుతుంది. తొట్టి మూత అద్దాన్ని తీసేయించాను. ఇనప జల్లెడ కూడా కొంత వెలుగు తినేస్తుంది కాబట్టి, యూవీ ఇండెక్సు కొలిచే మీటరు చెక్కమీద పెట్టి, అది మూడూ నాలుగూ మధ్య చూపించేదాకా ట్యూబుని పైకీ కిందికీ జరిపాను. తాబేలు ఎక్కి వెనక్కాళ్లు బారజాపి, వేళ్ల మధ్య పొరలు విచ్చుకునేలా పడుకుంది.

"ఇంకా వెలుగుతోంది కదా తాతయ్యా, ట్యూబెందుకు మార్చడం?" అంటుంది మనవరాలు. కంటికి కనిపించే వెలుగు అలాగే ఉన్నా యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. మీటరు రెండు దాటనప్పుడు మార్చమ్మా అని చెప్పి, మీటరు దానికే ఇచ్చొచ్చాను.