సంచకారం: అద్దె ఇంటి అప్పు కథ

మొన్న సంక్రాంతి వెళ్లిన వారానికి నా పూర్వవిద్యార్థి ఒకడు బెంగుళూరు నుండి ఫోను చేశాడు. ఉద్యోగం దొరికింది, ఇల్లూ దొరికింది. అద్దె 20,000 రూపాయలు. అడ్వాన్సు ఆరు నెలలది. సామాను లారీకి, కూలీలకు మరో 30,000. "నా దగ్గర 50,000 ఉన్నాయి మాస్టారూ. తక్కిన లక్ష ఫోనులోనే పది నిమిషాల్లో అప్పిస్తామంటున్నారు. తీసుకోమంటారా?" అని అడిగాడు. రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి మా నాన్నగారి పద్దుల పుస్తకం తీసి చూశాను.

నాన్నగారు సచివాలయంలో గుమాస్తా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు మద్రాసు నుండి తరలి వెళ్లిన ఉద్యోగులలో ఆయన ఒకరు. ఆ చిన్న ఊళ్లో అందరికీ ఇళ్లెక్కడివి? కార్యాలయాలకూ, ఉద్యోగులకూ గుడారాలు వేయవలసి వచ్చింది. "గుడారానికి అడ్వాన్సు లేదు, అదొక్కటే సుఖం" అని ఆయన నవ్వుతూ చెప్పేవారు. మూడేళ్లు దాటిన మరునెలలోనే, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదు అయింది. మళ్లీ మూటాముల్లె సర్దుకున్నారు.

1965లో మేము నల్లకుంటలో కొత్తగా కట్టిన ఒక ఇంట్లో వాటాకు దిగాము. అద్దె 40 రూపాయలు. ఇంటివారు ఆరు నెలల అద్దె ముందుగా అడిగారు. పద్దులో నాన్నగారి గుండ్రని అక్షరాలు ఇలా ఉన్నాయి: ఇంటి సంచకారం 240, బండి కూలి 35, అప్పు 275, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అక్కడి నుండి ప్రతి నెలా 5వ తేదీన 'వడ్డీ 5-50' అన్న పద్దు కనిపిస్తుంది. అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. రెండో ఏట పాల పద్దు సగమైంది. మా చెల్లెలు పుట్టింది ఆ ఏడే.

అప్పుడు చట్టం లేదా అంటే, ఉన్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పట్టణాలలో ఇళ్లకు కరవు రాగా మద్రాసు ప్రభుత్వం అద్దెల నియంత్రణ ప్రారంభించింది. హైదరాబాదు రాష్ట్రంలో 1954లో ఇటువంటి చట్టం వచ్చింది. ఉభయప్రాంతాలకూ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేశారు. ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకోరాదని దాని 7వ సెక్షను తాత్పర్యం. అయితే అదే చట్టంలోని 32వ సెక్షను, 1957 ఆగస్టు 26న గాని ఆ తరువాత గాని కట్టిన భవనాలకు ఇదేదీ వర్తించదన్నది. కొత్త ఇళ్లు కట్టేవారికి ఉత్సాహం కలగాలని ఆ మినహాయింపు. కాని ఊరికి కొత్తగా వచ్చినవాడికి దొరికేది తరచుగా కొత్త ఇల్లే కదా! రక్షణ ఎవరికి ఎక్కువ అవసరమో, ఆ గడప దగ్గరే చట్టం ఆగిపోయింది. ఆ మినహాయింపును సుప్రీంకోర్టు 1983లో కొట్టివేసింది. తరువాత ప్రభుత్వం కొత్త భవనాలకు పదేళ్ల వరకే మినహాయింపు ఇచ్చింది.

1989లో గూడూరు హోటలు వ్యాజ్యంలో అదే న్యాయస్థానం మరొక మంచి మాట చెప్పింది. యజమాని దగ్గర నెల అద్దెకు మించిన అడ్వాన్సు నిలువ ఉండగా, ఆ సొమ్ము బాకీ అద్దెకు సరిపోతున్నప్పుడు, అద్దె ఎగవేశాడని ఇల్లు ఖాళీ చేయించడం కుదరదన్నది. ఈ తీర్పులు వచ్చేనాటికి మా నల్లకుంట వాటా పాత జ్ఞాపకమైపోయింది.

మూడేళ్లకు ఆ ఇల్లు వదిలినప్పుడు వెల్ల వేయించాలని 40 రూపాయలు పట్టుకొని 200 చేతిలో పెట్టారు. నాన్నగారు అటునుంచి అటే అప్పులవాడి ఇంటికి నడిచారు. ఇంకా 75 బాకీ. అప్పటికి 36 నెలల వడ్డీ 198 రూపాయలు కట్టారు. ఆయన 240 రూపాయలు మాత్రం ఇంటివారి దగ్గర వడ్డీ లేకుండా ఉన్నాయి. ఒకే సొమ్ము ఒక చేతికి భారం, మరొక చేతికి ఉచితం.

'సంచకారం' ఏమి మాటో నాకు పండిత శిక్షణలో గాని తెలియలేదు. అమరకోశం వైశ్యవర్గంలోని 'సత్యంకారము' తెలుగులో అలా మారింది. బేరం తప్పనని మాటను సత్యం చేయడానికి ముందుగా ఇచ్చే సొమ్ము అది. మాట నిలబడడానికి గుర్తుగా కొంచెం ఇస్తే చాలు. ఆరు నెలల అద్దె అడిగేది మాటను నమ్మి కాదు, నమ్మలేక. ఆ అపనమ్మకానికి వడ్డీ కట్టేది మాత్రం అద్దెకు దిగినవాడే.

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసగృహాలకు రెండు నెలల అద్దెనే పరిమితిగా పెట్టింది. నమూనా నమూనాయే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అది గడప దాకా వస్తుంది.

మరునాడు వాడికి ఫోను చేసి, "ముందు ఇంటివారిని తగ్గించమని అడిగావా?" అన్నాను. అడగలేదట. అడగవచ్చునని కూడా తోచలేదట. అడిగితే నాలుగు నెలలకు ఒప్పుకున్నారు. తక్కువపడిన 60,000 నా పింఛను పొదుపులో నుండి పంపాను. వడ్డీ వద్దన్నాను, నోటూ వద్దన్నాను. ఇచ్చిన అడ్వాన్సుకు రసీదు పుచ్చుకొని, వెల్ల ఖర్చు ఎవరిదో ఒప్పందంలో రాయించుకోమని మాత్రం గట్టిగా చెప్పాను.

నాన్నగారి పద్దుల పుస్తకం మళ్లీ పెట్టెలో పెట్టాను. ఆ 75 రూపాయలు ఎప్పుడు తీరాయో అందులో లేదు. చివరి పేజీలు చిరిగిపోయినాయి.