ఆస్టిన్ టవర్ కాల్పులు (1966): సాయుధ పౌరుల పాత్ర – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

అమెరికాలో సామూహిక కాల్పులు జరిగిన ప్రతిసారీ ఒక ప్రశ్న ముందుకు వస్తుంది: అక్కడ ఆయుధం ధరించిన పౌరుడు ఉండి ఉంటే ప్రాణనష్టం తగ్గేదా? తగ్గేదని వాదించేవారు తరచుగా ఉదాహరించే సంఘటన 1966 ఆగస్టు 1న టెక్సస్ రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో జరిగింది. విశ్వవిద్యాలయ ప్రాంగణాలలోకి అనుమతిపత్రం గలవారు పిస్తోలు తీసుకువెళ్లే వీలు కల్పించిన టెక్సస్ చట్టం, సరిగ్గా 50 ఏళ్ల తరువాత, 2016 ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. ఆస్టిన్ అనుభవం ఆ వాదాన్ని ఎంతవరకు సమర్థిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సంఘటన

మాజీ మెరైన్ దళ సైనికుడు, విద్యార్థి అయిన చార్లెస్ విట్‌మన్ ఆనాటి తెల్లవారుజామున తల్లిని, భార్యను హతమార్చాడు. అనంతరం టెక్సస్ విశ్వవిద్యాలయ టవర్ 28వ అంతస్తుకు చేరి, ఉదయం 11.48 గంటల ప్రాంతంలో కింద ఉన్నవారిపై కాల్పులు ప్రారంభించాడు. అవి 96 నిమిషాలు కొనసాగాయి. 30 మందికి పైగా గాయపడ్డారు. అప్పటి ఆస్టిన్ పోలీసుల వద్ద ఉన్నవి ప్రధానంగా రివాల్వర్లు, షాట్‌గన్‌లు. అంత ఎత్తుకు గురిపెట్టడానికి అవి పనికిరావు. ఈ స్థితిలో విద్యార్థులు, పట్టణవాసులు తమ వేట రైఫిళ్లను తెచ్చుకొని, చెట్ల చాటున, భవనాల కిటికీల వద్ద నిలిచి టవర్ పైకి కాల్చారు. కొందరు పోలీసులు కూడా సొంత రైఫిళ్లనే వాడవలసి వచ్చింది.

3. పౌరుల కాల్పుల ఫలితం

ఈ ఎదురుకాల్పుల వల్ల విట్‌మన్ పిట్టగోడ పైనుండి స్వేచ్ఛగా కాల్చలేకపోయాడు. గోడ అడుగున వాననీరు పోయే రంధ్రాల గుండా మాత్రమే కాల్చగలిగాడు. టవర్ ఎక్కిన పోలీసు అధికారి రమీరో మార్టినెజ్ తరువాతి కాలంలో పౌరుల తోడ్పాటును బహిరంగంగా గుర్తించాడు. బాధితులలో అధికులు తొలి 20 నిమిషాల లోపే తూటాలకు గురయ్యారన్నది కూడా ఈ వాదానికి ఆధారంగా చూపుతారు. అయితే ఆ సమయానికి ప్రజలు చాటుకు చేరుకోవడం కూడా నష్టం తగ్గడానికి మరొక కారణం. ఈ రెండు కారణాలను విడదీసి లెక్కించడం సాధ్యం కాదు.

రెండవ పార్శ్వం కూడా గమనించదగినది. కింది నుండి వచ్చిన ఏ తూటా విట్‌మన్‌ను హతమార్చలేదు. మార్టినెజ్, హ్యూస్టన్ మెకాయ్ అనే పోలీసులు పైకి వెళ్లి, దగ్గరనుండి కాల్చి అతన్ని అంతమొందించారు. ఆ సమయంలో వారు హంతకుని తూటాలతో పాటు కింది నుండి వచ్చే తూటాలనూ తప్పించుకోవలసి వచ్చింది. వారి వెంట రైఫిల్‌తో వెళ్లిన పౌరుడు ఒకడున్నాడు. అతడు పూర్వ వైమానిక దళ సభ్యుడు. పోలీసులతో కలిసి, వారి ఆదేశాల మేరకు పనిచేశాడు. ఇక ఎండలో పడి ఉన్న క్షతగాత్రులను ప్రాణాలకు తెగించి మోసుకువచ్చినవారి చేతుల్లో ఆయుధాలే లేవు.

4. తరువాతి ఆధారాలు

2000-2013 మధ్య జరిగిన 160 సంఘటనలపై ఎఫ్‌బీఐ 2014లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, పోలీసులు కాని సాయుధ వ్యక్తుల ఎదురుకాల్పులతో ముగిసినవి 5. వీరిలోనూ అధికులు భద్రతా సిబ్బందే. నిరాయుధ పౌరులు హంతకుని నిలువరించినవి 21. వ్యవధి తెలిసిన 63 సంఘటనలలో 44 సంఘటనలు 5 నిమిషాలలోపే ముగిశాయి.

సాయుధ పౌరుడు విజయం సాధించిన సందర్భాలు లేకపోలేదు. 2022 జూలైలో ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్ మాల్‌లో 22 ఏళ్ల యువకుడు పిస్తోలుతో హంతకుణ్ణి క్షణాలలో నిలువరించాడు. అప్పటికే ముగ్గురు మరణించారు. 2021 జూన్‌లో కొలరాడో రాష్ట్రంలోని ఆర్వాడాలో హంతకుణ్ణి కాల్చిన పౌరుణ్ణి, హంతకుడే అనుకొని పోలీసు అధికారి కాల్చి చంపాడు. ఆస్టిన్‌లో ఈ పొరపాటుకు అవకాశం తక్కువ. హంతకుడు ఒక్కడే, అతడున్న చోటు అందరికీ తెలుసు. మాల్‌లో, తరగతి గదిలో ఆ స్పష్టత ఉండదు.

ఈ చర్చ తెలుగువారికీ పరాయిది కాదు. 2023 మే 6న టెక్సస్‌లోని ఆలెన్ మాల్‌లో మరణించిన 8 మందిలో తెలంగాణకు చెందిన యువ ఇంజనీరు ఒకరు. అనుమతిపత్రం లేకుండానే పిస్తోలు ధరించే వీలు ఆ రాష్ట్రంలో 2021 నుండే ఉంది. అయినా హంతకుణ్ణి ఆపినవాడు వేరే పనిమీద అక్కడికి వచ్చిన పోలీసు అధికారి.

5. ముగింపు

ఆస్టిన్‌లో పౌరుల తుపాకులు హంతకుణ్ణి కట్టడి చేశాయి. అంతమొందించింది మాత్రం సమన్వయంతో పైకి వెళ్లిన చిన్న బృందం. కట్టడికి తోడ్పడినవి మూడు: సుదీర్ఘ వ్యవధి, తెలిసిన స్థానం, దూరానికి తగిన ఆయుధం. 5 నిమిషాలలో ముగిసే నేటి సంఘటనలలో ఈ మూడూ ఒకచోట కలవడం అరుదు. అందువల్ల ఆస్టిన్‌ను సాయుధ పౌరుల సామర్థ్యానికి సార్వత్రిక నిదర్శనంగా చూపడం చరిత్ర అంగీకరించని సాధారణీకరణ. వారి తోడ్పాటును పూర్తిగా తోసిపుచ్చడమూ అంతే అసమగ్రం. పరిశోధకులు అడగవలసినది సాయుధ పౌరుడు ఆపగలడా అని కాదు, ఏ పరిస్థితులలో, ఎవరికి ఎంత ముప్పు తెచ్చి ఆపగలడు అని.