అసాధారణ గర్భాశయ రక్తస్రావం: చరిత్ర

గర్భం లేని స్త్రీకి నెలసరి వచ్చే గడువు, సాగే రోజులు, పోయే రక్తం మామూలు తీరు తప్పితే దాన్ని అసాధారణ గర్భాశయ రక్తస్రావం అంటారు. 24 రోజులలోపే మళ్లీ రావడం, 38 రోజులు దాటినా రాకపోవడం, 8 రోజులకు మించి సాగడం, రెండు నెలసరుల మధ్య రక్తం కనిపించడం ఇందులోకి వస్తాయి. ఇది ఒక లక్షణం. దీని వెనక ఉండే జబ్బులు వేరు వేరు. వాటిని విడదీసి గుర్తించడానికి వైద్యానికి శతాబ్దాలు పట్టింది.

ప్రాచీన వైద్యం

ఆయుర్వేదం అతిస్రావాన్ని అసృగ్దరం, ప్రదరం అంది. చరక సంహిత దాన్ని వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదాలతో నాలుగు రకాలుగా చెప్పింది. దీనికి ఇచ్చే అశోక పట్ట కషాయం నేటికీ వాడుకలో ఉంది.

లోపలికి చూపు

19వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచి వైద్యుడు రెకామియే క్యూరెట్‌తో గర్భాశయ లోపొరను గోకి తీసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1869లో పాంటలియోని అనే వైద్యుడు రక్తస్రావంతో బాధపడుతున్న అరవై ఏళ్ల స్త్రీ గర్భాశయంలోకి గొట్టం పంపి, పాలిప్‌ను (లోపొరపై పెరిగిన కండను) కంటితో చూసి, సిల్వర్ నైట్రేట్‌తో కాల్చాడు. హిస్టెరోస్కోపీకి అదే నాంది. నెలనెలా లోపొరలో వచ్చే మార్పులను అప్పటి వైద్యులు వాపు జబ్బుగా పొరబడేవారు. అవి సహజమేనని 1908లో వియన్నాలో హిట్‌ష్‌మాన్, ఆడ్లర్ తేల్చారు.

కారణం గర్భాశయం బయటా ఉండవచ్చని ఫిన్లాండ్‌లో బయటపడింది. ఓలాండ్ దీవులకు చెందిన ఒక పాపను వైద్యుడు ఎరిక్ ఫాన్ విలెబ్రాండ్ 1924లో పరీక్షించాడు. ఆ కుటుంబంలో తరతరాలుగా ఉన్న రక్తస్రావ రోగాన్ని 1926లో ప్రకటించాడు. ఆ బాలిక పదమూడో ఏట, నాలుగో నెలసరిలో రక్తం ఆగక చనిపోయింది. నేడు ఆ రోగాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. రజస్వల అయిన తొలి నెలల్లోనే అతిస్రావం ఉన్న ఆడపిల్లలకు రక్తం గడ్డకట్టే పరీక్షలు చేసేది అందుకే.

కొలత, వర్గీకరణ

1960లలో స్వీడన్‌లో హాల్‌బెర్గ్ బృందం వాడిన ప్యాడ్ల నుంచి రక్తాన్ని రాబట్టి కొలిచింది. 80 మిల్లీలీటర్లు దాటితే రక్తహీనత ముప్పు పెరుగుతుందని తేలింది. అదే దశాబ్దంలో జపాన్‌లో ఒకామోటో దంపతులు స్రావాన్ని తగ్గించే మందు ట్రనెక్సామిక్ ఆమ్లాన్ని కనుగొన్నారు.

అంతర్జాతీయ స్త్రీరోగ, ప్రసూతి వైద్యుల సమాఖ్య ‘ఫిగో’ 2011లో కారణాలను తొమ్మిదిగా వర్గీకరించింది. పాలిప్, అడినోమయోసిస్, ఫైబ్రాయిడ్, క్యాన్సర్ లేదా దాని ముందు దశ అనే మొదటి నాలుగూ స్కానింగ్‌లోనో ముక్క పరీక్షలోనో కనిపిస్తాయి. గడ్డకట్టే లోపం, అండం విడుదలలో తేడా, లోపొర రుగ్మత, మందులూ కాపర్-టీ వంటి వైద్య కారణాలు తర్వాతివి. తొమ్మిదోది వీటిలో ఇమడనిది.

ముప్పు పెంచేవి

రజస్వల అయిన కొత్తలోనూ ముట్లుడిగే ముందూ అండం సరిగా విడుదల కాక స్రావం గాడి తప్పుతుంది. పీసీఓఎస్, థైరాయిడ్ లోపం కూడా అలాగే చేస్తాయి. ఊబకాయంలో కొవ్వు కణజాలం ఈస్ట్రోజన్‌ను తయారుచేయడంతో లోపొర మందమవుతుంది. క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది. రక్తం పలచబరిచే మందులు, రొమ్ము క్యాన్సర్ మందు టమోక్సిఫెన్ కూడా కారణాలే. ముట్లుడిగాక చుక్క రక్తం కనిపించినా పరీక్ష తప్పనిసరి.

తెలుగు రాష్ట్రాలు

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశవ్యాప్తంగా స్త్రీలు చెప్పిన ప్రధాన కారణం అతి రక్తస్రావం, నొప్పి. మాత్రలు, హార్మోన్ లూప్ వంటి మార్గాలతో చాలామందికి ఈ ఆపరేషన్ తప్పించవచ్చు. అనవసర ఆపరేషన్లను అరికట్టేందుకు కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ పాటించాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది.