కొన్న గేమ్, కొన్న ఈ-బుక్ నిజంగా మీవేనా? పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ప్రతి ఫోన్ యూజర్ తెలుసుకోవాల్సిన విషయాలివే..

డబ్బులు కట్టారు. ఫోన్‌లోకి గేమ్ వచ్చింది, లేదంటే ఈ-బుక్ వచ్చింది. ఇక అది మన సొంతమే కదా అనుకుంటాం. కానీ చాలా సందర్భాల్లో అది మన సొంతం కాదు. మనం కొన్నది వాడుకునే అనుమతి మాత్రమే. సర్వర్ ఆపేసినా, యాప్‌ను నిషేధించినా, ఖాతా పోయినా దాంతో పాటు కొన్నదీ పోతుంది. మరి మన డబ్బుల సంగతేంటి? చట్టం ఏమంటోంది? ముందే ఎలా జాగ్రత్తపడాలి? వివరాలు చూద్దాం.

అసలు మనం కొంటున్నదేంటి?

కాశీబుగ్గలో ఓ పుస్తకం కొన్నారనుకోండి. చదివాక తమ్ముడికి ఇవ్వొచ్చు, సెకండ్ హ్యాండ్‌లో అమ్మొచ్చు, అటక మీద దాచొచ్చు. షాపు మూసేసినా పుస్తకం మీ ఇంట్లోనే ఉంటుంది.

ఆన్‌లైన్ స్టోర్‌లో లెక్క వేరు. ‘బయ్’ బటన్ నొక్కితే వచ్చేది లైసెన్స్. చాలా ఫైళ్లకు డీఆర్ఎం అనే డిజిటల్ తాళం ఉంటుంది. తాళం చెవి మాత్రం కంపెనీ దగ్గరే. మనం చదవకుండా ‘ఐ అగ్రీ’ నొక్కే నిబంధనల్లో ఈ సంగతి రాసే ఉంటుంది. కొన్న గేమ్‌ను ఇంకొకరికి అమ్మడం, ఖాతా బదిలీ చేయడం కుదరదని కూడా చాలా కంపెనీలు అందులోనే చెబుతాయి.

పబ్‌జీతో మనకు తెలిసొచ్చింది

2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్‌జీ మొబైల్‌తో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. అక్టోబర్ 30 నుంచి మన దేశంలో ఆ గేమ్ సర్వీసు పూర్తిగా ఆగిపోయింది. యూసీ కొని తీసుకున్న స్కిన్‌లు, డ్రెస్సులు ఆ ఖాతాల్లోనే ఉండిపోయాయి. 2021 జులై 2న బీజీఎంఐ వచ్చాక పాత డేటాను మార్చుకునే అవకాశం కొంతకాలం ఇచ్చారు. 2022 జులైలో బీజీఎంఐని కూడా స్టోర్ల నుంచి తీసేశారు. మళ్లీ 2023 మేలో గానీ అది తిరిగి రాలేదు. ఈ మధ్యలోనే, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌పై వేటు పడింది.

నిషేధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. ఆ వస్తువులు మన ఫోన్‌లో లేవు, కంపెనీ సర్వర్‌లో ఉన్నాయి.

పెద్ద కంపెనీల్లోనూ ఇదే కథ

* 2009 జులైలో అమెజాన్ జార్జ్ ఆర్వెల్ ‘1984’, ‘యానిమల్ ఫామ్’ ప్రతులను కొన్నవాళ్ల కిండిల్ నుంచే తొలగించింది. వాటిని అమ్మినవారికి హక్కులు లేవన్నది కారణం. డబ్బు వాపసు ఇచ్చి, తర్వాత క్షమాపణ చెప్పింది.

* 2019లో మైక్రోసాఫ్ట్ ఈ-బుక్ స్టోర్‌ను మూసేసింది. కొన్న పుస్తకాలు ఆ ఏడాది జులై నుంచి తెరుచుకోలేదు. రీఫండ్ ఇచ్చింది.

* యుబీసాఫ్ట్ ‘ది క్రూ’ గేమ్ సర్వర్లను 2024 మార్చి 31న ఆపేసింది. ఆ గేమ్‌కు ఆన్‌లైన్ తప్పనిసరి కావడంతో డబ్బు పెట్టి కొన్నవాళ్లూ ఆడలేకపోయారు. ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలైంది దీంతోనే.

* కిండిల్ పుస్తకాలను కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీ ద్వారా మార్చుకునే సదుపాయాన్ని అమెజాన్ 2025 ఫిబ్రవరి 26న తీసేసింది.

అమెరికాలోని కాలిఫోర్నియా ఒక చట్టం తెచ్చింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ ‘కొనండి’ అని అమ్మేవాళ్లు, అది లైసెన్స్ మాత్రమేనని స్పష్టంగా చెప్పాలి. శాశ్వతంగా ఆఫ్‌లైన్‌లో దాచుకునేలా ఇస్తే ఆ షరతు వర్తించదు.

ఉద్దానంలో రెండు అదనపు చిక్కులు

మొదటిది తుపాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. అలాంటప్పుడు నెట్ ఉంటేనే తెరుచుకునే పుస్తకం ఉన్నా లేనట్టే. ముందే డౌన్‌లోడ్ చేసుకున్నదే అక్కరకొస్తుంది.

రెండోది వలస. ఇక్కడి నుంచి గల్ఫ్ దేశాలకు, నౌకల్లో పనికి, హైదరాబాద్, విశాఖలకు వెళ్లేవాళ్లు ఎక్కువ. ఊరి సిమ్ పక్కన పడేస్తారు. 90 రోజులు వాడకం లేకపోతే ప్రీపెయిడ్ నంబర్‌ను ఆపేసే అవకాశం ఉంది. తర్వాత అది ఇంకొకరికి వెళ్లొచ్చు. ఖాతా ఆ నంబర్‌పైనే ఉంటే ఓటీపీ రాదు, కొన్నవన్నీ చిక్కుకుపోతాయి. దేశం మారినా తిప్పలే. గూగుల్ ప్లేలో దేశాన్ని ఏడాదికి ఒక్కసారే మార్చుకోగలం. పాత దేశంలోని బ్యాలెన్స్ కొత్త దేశంలో పనికిరాదు.

మన చట్టం ఏం చెబుతోంది?

కాలిఫోర్నియా తరహా నిబంధన మన దగ్గర లేదు. అలాగని చేతులు కట్టేసుకోనక్కర్లేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనలు డిజిటల్ ఉత్పత్తులకూ వర్తిస్తాయి. ఇక్కడి వినియోగదారులకు అమ్మే విదేశీ కంపెనీలకూ వర్తిస్తాయి. గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

అక్కడ పని కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. ఆ తర్వాత వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా, మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. అంటే టెక్కలి, సోంపేట వాళ్లు శ్రీకాకుళం జిల్లా కమిషన్‌కు వెళ్తే చాలు. కట్టిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ వేయొచ్చు. గడువు రెండేళ్లు. ఒప్పందంలోని షరతులే అన్యాయంగా ఉన్నాయంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి.

ఇప్పుడే ఇలా చేయండి

1. కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. నెట్ లేకుండా ఇది తెరుచుకుంటుందా?

2. గేమ్‌ను గెస్ట్ లాగిన్‌తో ఆడొద్దు. ఫోన్ పోతే ఖాతా కూడా పోతుంది. ఈ-మెయిల్‌కు లింక్ చేయండి.

3. ఊరు దాటేముందు రికవరీ ఈ-మెయిల్, కొత్త నంబర్ అప్‌డేట్ చేయండి.

4. బిల్లు, ఆర్డర్ నంబర్ స్క్రీన్‌షాట్ దాచండి. ఫిర్యాదుకు అవే ఆధారం.

5. తాళం లేని ఫైల్ ఇచ్చే చోట కొనడానికి ప్రయత్నించండి. గూగుల్ ప్లే బుక్స్‌లో కొన్ని పుస్తకాలను పీడీఎఫ్, ఈపబ్‌గా దించుకోవచ్చు. జీఓజీ స్టోర్‌లో పీసీ గేమ్‌లు డీఆర్ఎం లేకుండా దొరుకుతాయి.

6. పదికాలాల పాటు ఉండాలనుకున్న పుస్తకాన్ని కాగితం ప్రతిగా కొనండి.

ఈ చివరి మాటకు సాక్ష్యం మన జిల్లాలోనే ఉంది. కారా మాస్టారు, అంటే కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. ఎప్పుడో మూతపడ్డ పత్రికల్లోని కథలు కూడా ఇవాళ అక్కడ దొరుకుతున్నాయి. ఎవరో కొని, ఇంట్లో దాచిన ప్రతులు ఉండబట్టే అది సాధ్యమైంది. పత్రిక ఆగిపోయినా కొన్నవాళ్ల చేతిలోని కాపీని వెనక్కి లాక్కునే వీలు ఎవరికీ లేదు. డిజిటల్‌లో ఆ భరోసా లేదు. అందుకే ‘బయ్’ నొక్కేముందు ఒక్కసారి ఆలోచించండి.