దివాలాదారు కుటుంబ పోషణ ఖర్చు

అప్పులు తీర్చే శక్తి తనకు లేదని కోర్టులో చెప్పుకున్న మనిషి ఆస్తిలో, రాబడిలో కొంత భాగాన్ని రుణదాతలకు పంచకుండా అతనికీ, అతని మీద ఆధారపడ్డవారికీ విడిచిపెడతారు. దివాలాదారు కుటుంబ పోషణ ఖర్చు అంటే ఆ భాగమే. వరంగల్, హనుమకొండ ప్రాంతంలో దివాలా దరఖాస్తు చేయడాన్ని జనం ‘ఐపీ (ఇన్‌సాల్వెన్సీ పిటిషన్) పెట్టడం’ అంటారు. అడ్తిదారు దగ్గర తెచ్చిన పంట పెట్టుబడి, ప్రామిసరీ నోటు మీద నూటికి రెండు మూడు రూపాయల మిత్తికి తెచ్చిన సొమ్ము, ముందే పాడుకున్న చిట్టీకి కట్టాల్సిన వాయిదాలు, బంధువు కోసం పెట్టిన జామీను అన్నీ ఒకేసారి మీద పడ్డప్పుడు మనిషి ఆ దారి పడతాడు. ఆ పిటిషన్‌లో ఎవరికి ఎంత బాకీ, ఆస్తి ఏమేమి ఉంది అన్నవి సాధారణంగా రెండు షెడ్యూళ్లుగా రాసి ఇస్తారు. ఇల్లు గడవడానికి నెలకు ఎంత కావాలో రాయమని మాత్రం చట్టం అడగదు. దివాలాదారుల మీద ఉన్న అనుమానాల్లో సగం, వారికి జరిగే అన్యాయంలో సగం ఈ ఒక్క లోటు నుంచే పుడుతున్నాయి.

సామాన్య వ్యక్తుల దివాలాకు ఇప్పటికీ ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. అప్పులు 500 రూపాయలకు చేరితే చాలు, రుణగ్రస్తుడు పిటిషన్ వేయవచ్చని దాని 10వ సెక్షన్ అంటుంది. నూరేళ్లు దాటినా ఆ అంకె అలాగే ఉందంటే ఈ చట్టాన్ని ఎవరు ఎంత పట్టించుకున్నారో తెలుస్తుంది. కోర్టు దివాలాదారుగా ప్రకటించగానే 28వ సెక్షన్ కింద అతని ఆస్తి కోర్టుకో రిసీవరుకో దఖలు పడుతుంది. అప్పుల నుంచి విడుదల ఉత్తర్వు వచ్చేలోగా కొత్తగా సంపాదించినది కూడా అదే దారి పడుతుంది. డిక్రీ అమలులో జప్తు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ చెప్పిన వాటికి మాత్రం మినహాయింపు ఉంది. కట్టుకునే బట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటి మీది నుంచి తీయరాని ఆభరణాలు ఆ జాబితాలో ఉన్నాయి. మన దగ్గర చివరివంటే పుస్తెలు, మెట్టెలు. చేతివృత్తివారి పనిముట్లు, రైతు నాగలి, సేద్యానికి కావలసిన పశువులు, విత్తన ధాన్యం, రైతు లేదా కూలి నివసించే ఇల్లు కూడా జప్తుకు రావు. ఇవన్నీ వస్తువులు. మనిషి బతకడానికి వస్తువులు ఉంటే చాలని, నెలనెలా డబ్బు అక్కర్లేదని భావించిన కాలపు చట్టం ఇది. వంటపాత్ర మిగులుతుంది, అందులో వండడానికి ఏముంటుందన్న ప్రశ్నకు జవాబు ఉండదు.

ఆ ప్రశ్నను కొంతవరకు తాకేది 1920 చట్టం 66వ సెక్షన్. దివాలాదారుకూ అతని కుటుంబానికీ పోషణ నిమిత్తం అతని ఆస్తిలోంచి న్యాయమని తోచినంత భత్యాన్ని కోర్టు మంజూరు చేయవచ్చు, దాన్ని ఎప్పుడైనా మార్చవచ్చు, ఆపేయవచ్చు. న్యాయమని తోచడానికి కొలత ఏమిటో చట్టం చెప్పలేదు. పైగా ఆ భత్యం ఆస్తిలోంచే రావాలి. ఐపీ పెట్టేవారిలో చాలామందికి పంచడానికే ఆస్తి ఉండదు, ఇక భత్యానికి ఎక్కడిది? ఇంటి ఖర్చు ప్రస్తావన వచ్చే మరో చోటు 42వ సెక్షన్. సమర్థించుకోలేని దుబారా జీవనం వల్ల దివాలా తెచ్చుకున్నాడని తేలితే పూర్తి విడుదల నిరాకరించడానికి అదొక కారణం. తన బాధ్యత లేని పరిస్థితుల వల్ల జరిగిందని చూపలేకపోతే, ఆస్తి విలువ అప్పుల్లో రూపాయికి అర్ధ రూపాయికైనా సరితూగకపోవడం ఇంకొక కారణం. అంటే ఇంటి ఖర్చు చట్టం కంటికి ఒకచోట దయగా, మరొకచోట నేరారోపణగా కనిపిస్తుంది. ఏది దుబారాయో చెప్పాలంటే ఏది అవసరమో ముందు తేలాలి. ఆ లెక్క ఎక్కడా లేదు.

జీతగాళ్ల విషయంలో మాత్రం ఒక లెక్క ఉంది. అది ఇంకా విచిత్రం. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మనోవర్తి కాని ఇతర డిక్రీలకు జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు జప్తుకు రావు. ఆ వెయ్యి 1999 సవరణతో వచ్చింది, అంతకుముందు 400 ఉండేది. నెలకు 25,000 తెచ్చుకునే గుమాస్తాకు ఈ లెక్కన 17,000 మిగులుతాయి, 8,000 పోతాయి. ఒంటరి మనిషి అయినా, ముసలి తల్లిదండ్రులు, ముగ్గురు పిల్లలు ఉన్నవాడైనా అంకె అదే. సొంత ఇంట్లో ఉన్నవాడికీ కిరాయి కట్టేవాడికీ తేడా లేదు. 24 నెలల పాటు జప్తు సాగితే తర్వాత 12 నెలలు విరామం ఇవ్వాలని, అదే డిక్రీ అయితే ఇక పూర్తిగా వదిలేయాలని ఉన్న నిబంధన కొంత ఊరట. అది అలసటకు ఇచ్చిన విరామమే తప్ప అవసరాన్ని కొలిచింది కాదు.

2016లో వచ్చిన దివాలా స్మృతి ఈ లోటును పూడ్చవలసింది. దాని మూడవ భాగం వ్యక్తుల కోసమే రాసినా, 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారికి మాత్రమే అమల్లోకి తెచ్చారు. హామీదారు ఇచ్చే చెల్లింపు ప్రణాళికలో అతని మీద ఆధారపడ్డ కుటుంబ సభ్యుల సహేతుక ఖర్చులకు కనీస బడ్జెట్ చూపాలన్న ఆలోచన వారి కోసం చేసిన నిబంధనల్లో కనిపిస్తుంది. కోట్ల రూపాయల హామీలు సంతకం చేసినవారికి దొరికిన ఆ బడ్జెట్ కాజీపేటలోని చిన్న దుకాణదారుకు దొరకలేదు. పేదల కోసం స్మృతిలో పెట్టిన ‘కొత్త ప్రారంభం’ ప్రక్రియ అమలైనా ఎంతమందికి ఉపయోగపడేదో సందేహమే. సంవత్సర ఆదాయం 60,000 రూపాయలు, ఆస్తులు 20,000, అర్హమైన అప్పులు 35,000 మించకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. కేంద్ర గణాంక శాఖ 2022-23 గృహ వినియోగ సర్వే ప్రకారం తెలంగాణ పట్టణాల్లో తలకు నెలసరి సగటు ఖర్చు 8,158 రూపాయలు, పల్లెల్లో 4,802. పట్టణంలో ఒక్క మనిషి ఏడాది సగటు ఖర్చే దాదాపు 98,000. సగటులో కలవారి ఖర్చు కూడా కలిసి ఉంటుంది గనుక దాన్ని కనీస అవసరంగా తీసుకోకూడదు. అయినా రుణగ్రస్తుడి ఆదాయం నెలకు 5,000 దాటరాదన్నట్టు ఉండే పరిమితి ఎంత నేల విడిచినదో చెప్పడానికి అది చాలు.

ఇతర దేశాలు ఈ లెక్కను రెండు రకాలుగా తేల్చుకున్నాయి. ఇంగ్లండ్‌లో 1986 చట్టం దివాలాదారుకూ కుటుంబానికీ సహేతుకమైన గృహావసరాలకు సరిపడా వదిలి, మిగులునే వాయిదాలుగా తీసుకోమంటుంది. ఎంత సహేతుకమన్నది కేసును బట్టి తేలుతుంది. అమెరికా 2005 సవరణతో పట్టికల దారి పట్టింది. అర్హత పరీక్షలో తిండి, బట్టల ఖర్చును కుటుంబ పరిమాణాన్ని బట్టి, ఇంటి ఖర్చును ప్రాంతాన్ని బట్టి అక్కడి ఆదాయ పన్ను శాఖ ప్రచురించే అంకెలతో లెక్కిస్తారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం పోయి దివాలాకు వెళ్లే తెలుగు కుటుంబం ఈ పట్టికలను నింపాల్సి రావచ్చు. దేవాలయాలకు, దాతృత్వానికి ఇచ్చే విరాళాలను కూడా కొన్ని పరిమితులకు లోబడి అక్కడి చట్టం ఖర్చుగా ఒప్పుకుంటుంది. హుండీలో వేసిన డబ్బును మన రిసీవరు ఒప్పుకుంటాడా అన్నది ఊహించుకోవలసిందే. ఐర్లండ్ దివాలా సేవల సంస్థ 2013 నుంచి కుటుంబంలో పిల్లలెందరు, వాళ్ల వయసెంత, కారు తప్పనిసరా కాదా అన్నవాటిని బట్టి నెలసరి అంకెలు ప్రకటిస్తోంది.

మనకు కొలత లేదనడం నిజం కాదు. వేరే గదిలో ఉంది. 1957లో 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనానికి ఒక లెక్క కట్టింది. సంపాదించే ఒక్కరికి మూడు వినియోగ యూనిట్లు, మనిషికి రోజుకు 2,700 కెలోరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి కిరాయి వేరుగా, వంటచెరకు, దీపం వంటివాటికి మొత్తంలో 20 శాతం. 1992లో నివేదికలకెక్కిన రెప్టకోస్ బ్రెట్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వేడుకలు, వృద్ధాప్యం, పెళ్లి వంటివాటికి మరో 25 శాతం కలపాలంది. ఈ చివరి భాగమే దివాలా విచారణకు ఎక్కువ పనికొస్తుంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు వెళ్లి అమ్మవార్లకు బెల్లం సమర్పించడం, ఇంట్లో చావు జరిగితే దినకర్మలు చేయడం దుబారా కిందికి వస్తాయా అని రుణదాత వకీలు అడిగితే, కూలివాడి కనీస వేతనంలోనే వాటికి చోటుందని జవాబు చెప్పవచ్చు. యజమాని కూలివాడికి ఎంతకు తక్కువ ఇవ్వకూడదో చెప్పిన న్యాయమే, రుణదాత దివాలాదారు దగ్గర ఎంతకు మించి తీసుకోకూడదో చెప్పడానికీ ఆధారం కావాలి. రెండుచోట్లా ప్రశ్న ఒకటే: మనిషి మనిషిగా బతకడానికి ఎంత కావాలి?

వరంగల్ ఇంటి లెక్కను ఈ కొలతతో వేసి చూస్తే కొన్ని చిక్కులు బయటపడతాయి. రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి 2025 ఏప్రిల్ నుంచి తలకు ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి. అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు లేదు. ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో టికెట్టు ఖర్చు లేదు. ఆస్పత్రిలో చేరాల్సిన జబ్బుకు ఆరోగ్యశ్రీ పథకం ఉంది, ఎంజీఎం ప్రభుత్వాస్పత్రి ఉంది. వీటి విలువను ఇంటి ఖర్చులోంచి తీసేయాలా? తీసేస్తే రుణదాతకు వెళ్లే మిగులు పెరుగుతుంది. ప్రజల పన్నులతో పేదవాడి కంచంలో వేసిన బియ్యం చివరికి వడ్డీ వ్యాపారి ఖాతాలో జమ అయినట్టవుతుంది. తీసేయకపోతే దివాలాదారు పెట్టని ఖర్చును పెట్టినట్టు చూపించాడన్న మాట వస్తుంది. వాస్తవంగా చేతిలోంచి పోయే డబ్బునే ఖర్చుగా రాయడం, ప్రభుత్వ సాయం వల్ల మిగిలినదాన్ని మాత్రం వైద్యానికీ చదువుకూ కేటాయించుకునే వీలివ్వడం మేలు. ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కు సరిపోతుంది గానీ, బీపీకీ షుగరుకూ నెలనెలా మెడికల్ షాపులో కట్టే డబ్బుకు సరిపోదు. చిట్టీ వాయిదా సంగతి వేరు. పాడకముందు అది పొదుపు, పాడిన తర్వాత అప్పు. ఇంటి ఖర్చు మాత్రం ఎప్పుడూ కాదు. బంగారం కుదువపెట్టి తెచ్చిన అప్పుకు కట్టే మిత్తీ అంతే. వీటిని ఖర్చు కింద రాసుకుంటే ఒక రుణదాత సొమ్మును ఇంకో రుణదాతకు దొడ్డిదారిన ఇచ్చినట్టు.

పత్తి, మిర్చి రైతు దగ్గరికి వచ్చేసరికి నెల అన్న కొలతే పనిచేయదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు సరుకు తెచ్చినప్పుడే అతనికి డబ్బు కనిపిస్తుంది. మిగతా కాలమంతా ఖర్చే. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతా చర్చకు వచ్చాయి. పంట పోయిన ఏడాది కుటుంబ పోషణ, వచ్చే పంట పెట్టుబడి రెండూ అప్పు మీదే నడిచే ఆ బతుకులో ఇంటి ఖర్చు ఎక్కడ ఆగుతుందో, సేద్యపు ఖర్చు ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం కష్టం. దీనికి చక్కని జవాబు సివిల్ ప్రొసీజర్ కోడ్ 61వ సెక్షన్‌లో ఉంది. మళ్లీ పంట చేతికొచ్చేదాకా భూమి సాగుకూ, రైతు కుటుంబ పోషణకూ అవసరమైనంత పంటను జప్తు నుంచి మినహాయిస్తూ రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వవచ్చు. పంట నుంచి పంటకు లెక్కించాలన్న ఈ ఆలోచన రైతు దివాలాలో భత్యానికి కూడా సరిగ్గా అతుకుతుంది. కౌలు రైతుకు మరీ ముఖ్యం, ఎందుకంటే అతని పేరున భూమి ఉండదు, అప్పు మాత్రం ఉంటుంది.

ఇలాంటి లెక్కకు అడ్డు చెప్పేవారి మొదటి వాదన బలమైనదే. ఐపీ అంటేనే ఎగవేతగా మారిపోయిందని, ఆస్తులు భార్య పేర, బామ్మర్ది పేర రాసేసి నోటీసులు పంపేవారికి ఇంకా పోషణ ఖర్చు కూడా కట్టబెట్టాలా అని అడుగుతారు. మోసపూరిత బదలాయింపులకు చట్టంలో వేరే మందుంది. ప్రతిఫలం లేకుండా రెండేళ్లలోపు చేసిన బదిలీలను 53వ సెక్షన్ కింద, ఒక రుణదాతకు మాత్రమే మేలు చేసేలా మూడు నెలల్లోపు చేసిన చెల్లింపులను 54 కింద రద్దు చేయించవచ్చు. అంతకన్నా ముఖ్యం, ఖర్చు పట్టిక మోసగాడికి అనుకూలం కాదు, ఇబ్బంది. ఆదాయమే లేదని ప్రమాణం చేసినవాడు హనుమకొండలో నెలకు పది వేల కిరాయి, ఇద్దరు పిల్లల కార్పొరేట్ స్కూలు ఫీజు కడుతున్నట్టు తన పట్టికలోనే రాయాల్సి వస్తే, ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న రుణదాత వకీలు అడగకముందే కాగితం అడుగుతుంది. రాయకుండా దాస్తే బడి రసీదు చాలు. ఇప్పటి పద్ధతిలో ఆస్తి లేదన్న ఒక్క మాట నిరూపించడమే విచారణ అంతా. బతుకుతున్న తీరు లెక్కలోకి రాదు.

రెండో వాదన రుణదాతల వైపు నుంచి వస్తుంది. వారిలో రిటైరైన టీచర్లు, కూతురి పెళ్లికి దాచుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లకూ సంసారాలున్నాయి కదా? నిజమే. కానీ పోషణ ఖర్చు లేనంత మాత్రాన ఆ సొమ్ము వారికి చేరదు. చేరాలంటే దివాలాదారు పనిచేస్తూ ఉండాలి. పనిచేసినదంతా పోతుందనుకున్న మనిషి చేతికందిన జీతం కాగితం మీదికి రాకుండా చూసుకుంటాడు, లేదా హైదరాబాద్ దాటిపోతాడు. కొంత తనకు మిగులుతుందని ముందే తెలిస్తే మిగులును చూపడానికి వెనకాడడు. అప్పు తీర్చే స్తోమత ఉండీ దురుద్దేశంతో ఎగవేసినప్పుడు తప్ప, కేవలం ఇవ్వలేకపోయినందుకు మనిషిని జైల్లో పెట్టడం రాజ్యాంగానికి విరుద్ధమని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. జైలు భయం ఆ మేరకు తగ్గాక వసూలుకు మిగిలిన దారి రుణగ్రస్తుడి ఆదాయమే.

ప్రతి కుటుంబం వేరు, పట్టిక అందరికీ ఎలా సరిపోతుందన్నది మూడో అభ్యంతరం. పట్టికను గోడగా కాకుండా మొదటి అంచనాగా పెట్టుకుంటే ఇది నిలవదు. అంకె దాటినవారు కారణం, రసీదు చూపుతారు, లోపు ఉన్నవారిని ఎవరూ ప్రశ్నించరు. ఇందుకు కొత్త చట్టం కోసం ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. 66వ సెక్షన్ అధికారం ఇప్పటికే ఉంది, 79వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వ ఆమోదంతో నియమాలు చేసే అధికారం హైకోర్టుకు ఉంది. అప్పుల షెడ్యూలు, ఆస్తుల షెడ్యూలు పక్కన నెలసరి రాబడి ఖర్చుల షెడ్యూలు ఒకటి, రైతులైతే పంట నుంచి పంటకు లెక్క ఒకటి చేర్చాలని ఆ నియమాల్లో రాయడానికి ఒక పేజీ సరిపోతుంది.