తలుపు తీసినవాళ్ళ పేర్లు

ప్రాగ్ నగరంలో రెస్లోవా వీధి వల్తావా నది వైపు వాలుగా దిగుతుంది. ఆ వాలులో సిరిల్, మెథోడియస్ అనే ఇద్దరు సాధువుల పేరిట ఉన్న ఆర్థడాక్స్ చర్చి పునాదిగోడకు ఒక చిన్న గాలికిటికీ ఉంది. దాని చుట్టూ రాతి నిండా తూటాల గుంటలు. అవి 1942 జూన్ 18 నాటివి. ఆ గుంటలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. కిటికీ వెనకున్న నేలమాళిగలో ఆ రోజు నలుగురు పారాచూట్ సైనికులు, పైన గాయకబృందం నిలబడే మిద్దె మీద పోరాడిన ముగ్గురు ప్రాణాలు విడిచారు. 1995 నుంచి ఈ నేలమాళిగ జాతీయ స్మారకం. ఇక్కడికి వచ్చేవాళ్ళు కదిలిపోతారనడంలో వింతేమీ లేదు. ఎవరి కోసం కదిలిపోతున్నారన్నది మాత్రం అడగవలసిన ప్రశ్న. తుపాకి పట్టినవాళ్ళను చూసి పొంగిన గుండె అక్కడితో ఆగిపోతే, ఈ చోటు చెప్పేదాంట్లో సగం కూడా చెవిన పడనట్టే. ఈ స్మారకం సందర్శకుడి మీద మోపే అసలు బరువు ఆ ఏడుగురిది కాదు, వాళ్ళకు తలుపు తీసినవాళ్ళది.

కథ తెలిసినదే అయినా క్లుప్తంగా చెప్పుకోవాలి. 1941 సెప్టెంబరులో హిట్లర్ ప్రభుత్వం చెక్ ప్రాంతాలకు రైన్‌హార్ట్ హైడ్రిక్‌ను తాత్కాలిక పాలకుడిగా పంపింది. గెస్టపోతో సహా జర్మన్ భద్రతా యంత్రాంగమంతా అతని చేతి కిందదే. 1942 జనవరి 20న బెర్లిన్ శివార్లలో వాన్‌జే సమావేశానికి అధ్యక్షత వహించి, యూరప్‌లోని యూదుల నిర్మూలనకు శాఖల మధ్య పనులు పంచినవాడూ అతనే. ప్రాగ్‌లో అడుగుపెట్టిన కొద్ది వారాల్లోనే వందలమందిని చంపించాడు. ఆయుధ కర్మాగారాల కార్మికులకు మాత్రం రేషన్ పెంచాడు. లండన్‌లో ప్రవాస ప్రభుత్వం నడుపుతున్న ఎద్వర్ద్ బెనేష్‌కు ఇది ఇబ్బందిగా మారింది. చెక్‌లు జర్మనీకి నోరెత్తకుండా పనిచేసి పెడుతున్నారన్న పేరు పడితే, యుద్ధం ముగిశాక తమ దేశం మాట వినేవాళ్ళుండరు. బ్రిటన్‌లో శిక్షణ పొందిన స్లోవాక్ యోజెఫ్ గాబ్చీక్, చెక్ యాన్ కుబిష్ హైడ్రిక్‌ను చంపే పని మీద 1941 డిసెంబరు చివర ఒక రాత్రి పారాచూట్లతో దిగారు. 1942 మే 27న లీబెన్ పేటలోని ఒక మలుపులో హైడ్రిక్ కారు వేగం తగ్గింది. గాబ్చీక్ చేతిలోని స్టెన్ గన్ పేలలేదు. కుబిష్ బాంబు విసిరాడు. గాయాలు చీము పట్టి హైడ్రిక్ జూన్ 4న చనిపోయాడు.

దాడికి ముందూ తర్వాతా కలిపి దాదాపు ఆరు నెలలు ఈ ఇద్దరూ ఎలా బతికారన్నది లెక్క వేస్తేనే నేలమాళిగ అర్థమవుతుంది. దిగిన నాటి నుంచి వాళ్ళకు పడుకోవడానికి చోటు కావాలి, రేషన్ కార్డు లేని కడుపుకు తిండి కావాలి, దొంగ కాగితాలు కావాలి, కాలికి దెబ్బ తగిలితే చూసే డాక్టరు కావాలి. ఇవన్నీ ఇచ్చినవాళ్ళు టీచర్లు, రైల్వే ఉద్యోగులు, గృహిణులు, చర్చి పెద్దలు. వాళ్ళలో ఎక్కువమంది చేతికి తుపాకి అన్నది రాలేదు. దాడి జరిగాక గెస్టపో ఆనవాలు చెప్పినవారికి కోటి క్రౌన్ల బహుమతి ప్రకటించింది. ఆశ్రయం ఇచ్చినవాళ్ళను కుటుంబంతో సహా కాల్చేస్తామంది. దొరికిన సైకిలును, సంచిని, కోటును నగరం నడిబొడ్డున బాటా దుకాణం అద్దాల వెనక ప్రదర్శనకు పెట్టింది. కుబిష్ పారిపోతూ వదిలిన ఇంకో సైకిలుంది. దాన్ని దారిలోంచి తీసుకొచ్చి దాచినది యింద్రిష్కా నొవాకోవా అనే 14 ఏళ్ళ పిల్ల. చూసినవాళ్ళున్నారు. పేటలోని ఆడపిల్లలను వరసగా పిలిపించి, సైకిలు తోయించి, సాక్షుల ముందు నడిపించారు. సాక్షులు ఆమెను గుర్తుపట్టలేదు. అయినా చివరికి కుటుంబమంతా పట్టుబడింది. 1942 అక్టోబరు 24న ఆస్ట్రియాలోని మౌట్‌హౌజెన్ శిబిరంలో ఆమెనూ, ఆమె ఇంటివాళ్ళనూ చంపేశారు. ఆ ఒక్కరోజే అక్కడ చంపినవాళ్ళు 262 మంది. ఆ తర్వాత చంపినవాళ్ళను కూడా కలిపితే 294 మంది, అందరూ ఈ సైనికుల బంధువులో, వాళ్ళకు సాయం చేసినవాళ్ళో.

చర్చి పెద్దల సంగతి కూడా ఈ లెక్కలోదే. సైనికులను నేలమాళిగలోకి చేర్చింది యాన్ సొన్నెవెంద్, వాత్స్లావ్ చిక్ల్, వ్లదిమీర్ పెత్రెక్. ఒకప్పుడు శవపేటికలు పెట్టడానికి గోడల్లో తొలిచిన అరల్లో సైనికులు పడుకున్నారు. వేసవిలోనూ ఒళ్ళు గడ్డకట్టే చలి అక్కడ. బిషప్ గొరాజ్ద్‌కు సంగతి ఆలస్యంగా తెలిసింది. ముట్టడి ముగిశాక ఆయన అధికారులకు ఉత్తరం రాసి బాధ్యత తనదేనన్నాడు. తన మనుషులను కాపాడుకోవాలని చేసిన ప్రయత్నం అది. ఫలించలేదు. సెప్టెంబరు మొదట్లో కొబిలిసీ కాల్పుల మైదానంలో నలుగురినీ కాల్చేశారు. ఆర్థడాక్స్ చర్చి సంస్థను మొత్తంగా నిషేధించారు. ముట్టడి రోజున వందలాది ఎస్ఎస్ సైనికులు గంటల తరబడి పోరాడి, ఫైరింజన్లతో కిటికీలోంచి నీళ్ళు పట్టి, టియర్ గ్యాస్ వదిలి, చివరికి లోపలివాళ్ళ చివరి తూటాల చప్పుడు విన్నారని అందరూ రాస్తారు. గోడ తవ్వి మురుగుకాల్వలోకి దారి చేసుకోబోయిన గుర్తు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ గుర్తు ముందు నిలబడితే ఎవరి గుండైనా బరువెక్కుతుంది. సినిమాలు అక్కడే ఆగిపోతాయి, అదే వాటికి చాలు. సొన్నెవెంద్‌కు గానీ, యింద్రిష్కాకు గానీ అంత నాటకీయమైన చావు లేదు. వాళ్ళు నెలల తరబడి జైళ్ళలో ఎదురుచూసి చనిపోయారు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. భావోద్వేగం చరిత్రకు శత్రువు కాదా? స్మారకాలు కన్నీళ్ళు తెప్పించడానికే కడతారు కదా, ఏ ప్రభుత్వానికి ఏ కన్నీళ్ళు కావాలో వాటినే తెప్పిస్తారు కదా? ఇది కొట్టిపారేయదగిన మాట కాదు, రుజువు ఇదే కథలో ఉంది. 1948లో కమ్యూనిస్టు పాలన వచ్చాక లండన్ నుంచి వచ్చిన సైనికుల గురించి గట్టిగా మాట్లాడడం రాజకీయంగా చేదయింది. బదులుగా హైడ్రిక్ చావుకు ప్రతీకారంగా జర్మన్లు మట్టుబెట్టిన లిదిత్సే గ్రామానికి పెద్దపీట వేశారు. 1989 తర్వాత తూకం మళ్ళీ ఇటు మొగ్గింది. ఒకే సంఘటనలోని రెండు ముక్కలకు వేర్వేరు కాలాల్లో వేర్వేరు భావాలు కేటాయించారన్నమాట. అభ్యంతరం అంతవరకు నిజం. కానీ దాని నుంచి భావాన్ని అనుమానించాలన్న నిర్ణయం రాదు, భావం ఏ ముక్క మీద పడుతోందో గమనించాలన్న నిర్ణయమే వస్తుంది. కన్నీళ్ళు వద్దు, పట్టికలు చాలు అనేవాళ్ళు ఒకటి మర్చిపోతున్నారు. 294 అన్న అంకె చదివి ఎవరూ ఏమీ తెలుసుకోరు. సైకిలు తోసుకుంటూ సాక్షుల ముందు నడిచిన పిల్ల ఎవరని అడిగినప్పుడే ఆ అంకె లోపల ఏముందో తెలుస్తుంది. ఆ ప్రశ్న పుట్టించేది భావమే.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఒక్క మనిషిని చంపి ఇంతమందిని చంపించడం సమంజసమా? ఇది స్మారకం తర్వాత పుట్టిన ప్రశ్న కాదు. 1942 మేలో దేశంలోని రహస్య ప్రతిఘటన నాయకులు ఈ పని వద్దని లండన్‌కు సందేశం పంపారు. ప్రతీకారం ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు, తమ సంస్థలే తుడిచిపెట్టుకుపోతాయని భయపడ్డారు. భయపడినట్టే జరిగింది. దాడి తర్వాతి అత్యవసర పాలన రోజుల్లో మరణశిక్ష పడ్డవాళ్ళు వెయ్యికి పైనే. ఇంకోవైపు 1942 ఆగస్టులో, చెక్ సరిహద్దు ప్రాంతాలను జర్మనీకి అప్పగించిన మ్యూనిక్ ఒప్పందం ఇక తమను కట్టిపడేయదని బ్రిటన్ ప్రకటించింది. యుద్ధం తర్వాత చెకోస్లొవాకియా దాదాపు పాత సరిహద్దులతో లేచి నిలబడడానికి దారి అది. ఈ రెండింటినీ త్రాసులో వేసి ఎటు మొగ్గుతుందో చెప్పగలమన్న ధైర్యం నాకు లేదు. చెప్పేవాళ్ళను చూస్తే అనుమానమే వస్తుంది. ఒకటి మాత్రం నిశ్చయం. చంపినవాళ్ళ నేరాన్ని ప్రతిఘటించినవాళ్ళ ఖాతాలో రాయడం లెక్క కాదు. కానీ తలుపు తీసి, ఆ నేరానికి చివరికి ధర చెల్లించిన కుటుంబాల మాటేమిటి? వాళ్ళను ఎవరూ అడగలేదు. ఎవరికి ఆశ్రయమిస్తున్నారో, ఆ మనుషులు ఏ పని మీద వచ్చారో చాలామందికి పూర్తిగా చెప్పలేదు కూడా. నేలమాళిగలోని సైనికులు తామే లొంగిపోయి ఈ చంపుడు ఆపాలని ఆలోచించారన్న కథనాలున్నాయి. నిజమైతే ఆ ప్రశ్న వాళ్ళను కూడా నిద్రపోనివ్వలేదన్నమాట. స్మారకంలో నిలబడినవాళ్ళకు గర్వంతోపాటు ఈ అసౌకర్యం కూడా కలగాలి. కలగకపోతే తప్పు చోటుది కాదు, అక్కడ కథ చెప్పేవాళ్ళది.

ఇదే కుటుంబాల్లోంచి ఇంకో చిక్కు ముడి వస్తుంది. సైనికులను పట్టించింది తోటి పారాచూట్ సైనికుడు కరెల్ చుర్దా. జూన్ 16న తనంతట తానే గెస్టపో గుమ్మంలోకి నడిచి వెళ్ళి ఆశ్రయమిచ్చినవాళ్ళ పేర్లు చెప్పాడు. బహుమతిలో సగం, 50 లక్షల క్రౌన్లు అతనికి దక్కాయి. 1947లో అతన్ని ఉరితీశారు. అతను పేర్లు చెప్పిన మర్నాడు తెల్లవారుజామున గెస్టపో మొరావెత్స్ కుటుంబం ఇంటికి వెళ్ళింది. తల్లి మరీయె విషం మింగింది. కొడుకు ఆత్యా చిత్రహింసలకు తట్టుకోలేక చర్చి పేరు చెప్పాడు. తర్వాత అతన్ని కూడా మౌట్‌హౌజెన్‌లో చంపారు. చుర్దానూ ఆత్యానూ ఒకే గాటన కట్టలేమని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇద్దరూ శత్రువుకు సమాచారమే ఇచ్చారు, ఫలితమూ ఒక్కటే. అయినా మనసు ఇద్దరినీ వేరుచేస్తుంది, సరిగ్గానే వేరుచేస్తుంది. వీరుడు, ద్రోహి అన్న రెండే గదులున్న కథలో ఆత్యాకు చోటెక్కడ?

ఈ వాదనకు గట్టి సాక్ష్యం ప్రాగ్ బయట ఉంది. లిదిత్సేను ప్రపంచమంతా ఎరుగు. జూన్ 10న అక్కడ 173 మంది మగవాళ్ళను కాల్చేశారు. ఆడవాళ్ళను రావెన్స్‌బ్రూక్ శిబిరానికి పంపారు. 82 మంది పిల్లలను హెల్మ్‌నోలో గ్యాస్‌తో చంపారు. ఆ ఊరికి దాడితో సంబంధమే లేదు. ఒక ఉత్తరం పట్టుకుని అల్లిన అనుమానం, ఊళ్ళోని రెండు కుటుంబాల కుర్రాళ్ళు బ్రిటన్ వైమానిక దళంలో ఉన్నారన్న వాస్తవం, అంతే. జర్మన్లే ఆ ఘాతుకాన్ని చాటారు. అమెరికా, మెక్సికో దాకా ఊళ్ళు ఆ పేరు పెట్టుకున్నాయి. మరీయె ఉఖితిలోవా అనే శిల్పి ఆ 82 మంది పిల్లలకు, 42 మంది ఆడపిల్లలు, 40 మంది మగపిల్లలు, విగ్రహాలు మలిచింది. ఆమె తర్వాత భర్త వాటిని కంచులో పూర్తి చేయించాడు. వాటి ముందు నిలబడి ఏడవనివాళ్ళు అరుదు. అమాయకుల చావుకు ఏడవడం సులువు. ఏడుపుకు అడ్డుపడే ప్రశ్న ఏదీ లేదక్కడ.

రెండు వారాలకు, జూన్ 24న, లెజాకీ అనే చిన్న పల్లెను కూడా కాల్చేశారు. 33 మంది పెద్దవాళ్ళను అదే రాత్రి పర్దుబిత్సేలో కాల్చి చంపారు. 13 మంది పిల్లల్లో ఇద్దరు అక్కచెల్లెళ్ళు మాత్రమే బతికారు. లిదిత్సేకూ లెజాకీకీ తేడా ఒకటే, లెజాకీ నిజంగానే సాయం చేసింది. ఇంకో పారాచూట్ దళం తెచ్చిన లిబుషే అనే రేడియో ట్రాన్స్‌మిటర్‌ను ఆ పల్లెవాళ్ళు, పక్క రాతి క్వారీ పనివాళ్ళు దాచిపెట్టారు. దేశం నుంచి లండన్‌కు మాట వెళ్ళిన దారి అదే. నాజీల లెక్కలో చూసినా వాళ్ళు అమాయకులు కారు, మన లెక్కలో చూస్తే యుద్ధం చేసినవాళ్ళు. అయినా ప్రపంచపటంలో ఏ ఊరూ లెజాకీ పేరు పెట్టుకున్నట్టు వినం. లిదిత్సే పక్కనే కొత్త ఊరు లేచింది. లెజాకీని తిరిగి కట్టలేదు, ఇళ్ళు ఉన్న చోట్లను రాళ్ళతో గుర్తించారు. పూర్తి అమాయకుడికి మన జాలి దొరుకుతుంది, తుపాకి పట్టినవాడికి మన మెచ్చుకోలు దొరుకుతుంది. తెలిసి తెలిసి రేడియో దాచిన క్వారీ కూలి రెండింటిలో ఏ గదిలోకీ రాడు. చనిపోయింది మాత్రం అతనే, అతని భార్యా పిల్లలతో సహా. రెస్లోవా వీధి గోడ దగ్గర పూలు పెట్టే సందర్శకుల్లో లెజాకీ దాకా వెళ్ళేవాళ్ళు కొద్దిమందే. 1942 జూన్‌లో ప్రతిఘటన చేతి వేళ్ళు ఎక్కడెక్కడ దాకా పాకాయో తెలుసుకోవాలంటే ముందు చూడవలసింది ఆ రాళ్ళనే, నేలమాళిగను ఆ తర్వాత.