వకాలత్ పరీక్ష నుంచి హాజరుపట్టీ దాకా

వికారాబాదు, తాండూరు ప్రాంతాల అభ్యాసకులకు ఆదివారం తరగతులు చెప్పినన్నాళ్ళూ నాకు ఎదురైన ప్రశ్న ఒకటుంది. "సార్, బి.ఏ. చదివినట్టే లా కూడా ఇంటి దగ్గరుండి చదవొచ్చా?" ఇప్పుడు అదే ప్రశ్నను "ఆన్‌లైన్‌లో ఎల్‌ఎల్‌.బి. ఉందట కదా?" అని అడుగుతున్నారు. నల్లకోటు వేసుకుని కోర్టులో వాదించాలన్నదే మీ కోరికైతే, మన దేశంలో ఆ దారి లేదు. ఎందుకు లేదన్నది చరిత్ర చెబుతుంది. మీరు ఈ పాఠం చదవవలసింది అందుకే.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో వకీలు కావడానికి తరగతి గది తప్పనిసరి కాదు. నిజాం రాజ్యంలో, తాండూరు ఇంకా గుల్బర్గా జిల్లాలో తాలూకాగా ఉన్న కాలంలో, కోర్టుల భాష ఉర్దూ. ఉర్దూ వచ్చి, చట్టాలు చదువుకుని, వకాలత్ పరీక్ష ప్యాసైతే సన్నద్ దొరికేది. ఆంధ్రోద్యమ పితామహుడిగా మీకు తెలిసిన మాడపాటి హనుమంతరావు గారు కూడా కొన్నేళ్ళు సర్కారు ఉద్యోగం చేసి, ఆ తరువాతే వకీలు వృత్తిలోకి వచ్చారు. బ్రిటిషు ఇండియాలోనూ 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం కింద ప్లీడర్లు, ముఖ్తార్లు పరీక్షల ద్వారా వచ్చినవారే. ఎక్కడ చదివావు అన్నది కాదు, ఎంత తెలుసు అన్నదే ఆనాటి కొలత. లండన్ విశ్వవిద్యాలయం 1858లోనే కాలేజీకి రానివారికి కూడా పరీక్షలు రాసే వీలిచ్చింది. నెల్సన్ మండేలా జైలు నుంచే ఆ లండన్ పట్టా కోసం చదివి పూర్తిచేయలేకపోయారు. చివరికి 1989లో, ఇంకా ఖైదీగా ఉండగానే, దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం నుంచి దూరవిద్యలో ఎల్‌ఎల్‌.బి. అందుకున్నారు.

మనకు మలుపు 1961 నాటి అడ్వకేట్స్ చట్టంతో వచ్చింది. వకీలు, ప్లీడరు, ముఖ్తారు అన్న అంతరాలు పోయి 'అడ్వకేటు' అనే ఒకే వర్గం మిగిలింది. విద్యా ప్రమాణాలు నిర్ణయించే అధికారం భారత బార్ కౌన్సిల్‌కు దక్కింది. చట్టంలోని 24వ సెక్షను మూడేళ్ళ న్యాయవిద్య 'అభ్యసించి' ఉండాలంటుంది. పరీక్ష ప్యాసైతే చాలదు, చదువుకున్న తీరూ ముఖ్యమేనని దీని అర్థం. ఉపన్యాసాలకు, ట్యుటోరియళ్ళకు, మూట్ కోర్టులకు క్రమంగా హాజరై చదవాలని కౌన్సిల్ నియమాలు స్పష్టం చేశాయి.

ఈ నియమం బరువెంతో తెలియాలంటే 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన బల్దేవ్ రాజ్ శర్మ కేసు చూడండి. ఆయన ఎల్‌ఎల్‌.బి. మొదటి రెండేళ్ళు ప్రైవేటు అభ్యర్థిగా చదివి ప్యాసయ్యాడు. మూడో ఏడు మాత్రం కాలేజీకి వెళ్ళి రెగ్యులర్‌గా చదివాడు. పట్టా చేతికొచ్చింది కానీ బార్‌లో పేరు నమోదు కాలేదు. మూడేళ్ళూ తరగతికి హాజరు కాలేదు కాబట్టి అర్హత లేదని సుప్రీంకోర్టు తేల్చింది. విశ్వవిద్యాలయం ఇచ్చిన పట్టా వేరు, వృత్తిలోకి అనుమతి వేరు. ఆన్‌లైన్ ప్రకటనలు చెప్పకుండా దాటవేసేది ఈ తేడానే.

2008 నియమాలు దీన్ని ఇంకా బిగించాయి. వారానికి కనీసం 30 గంటల పాఠాలు, 70 శాతం హాజరు, తరగతులన్నీ ఉదయం 8 నుంచి రాత్రి 7 లోపే. తాండూరు నుంచి హైదరాబాదుకు నూరు కిలోమీటర్ల పైమాటే. నాపరాళ్ళ పాలిష్ యూనిట్లో పగలంతా పనిచేసేవాడికి ఈ గంటలు ఎట్లా కుదురుతాయి? వాదించడం నలుగురి మధ్య నేర్చుకోవలసిన విద్య అన్న బార్ కౌన్సిల్ వాదనలో నిజముంది, కాదనను. అయితే 2020లో కోవిడ్ వచ్చినప్పుడు లా కాలేజీలూ, కోర్టులూ తెర మీదికే వెళ్ళాయి కదా. ఈ విషయంలో కొంత సడలింపు ఉండాలన్నది నా అభిప్రాయం.

ఇక మీకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో పుట్టింది. అదే నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్మీడియట్ లేనివారికి కూడా ప్రవేశార్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. ఎంత గొప్ప పని! కానీ 2008 నియమాల్లోని ఒక వివరణ ప్రకారం, కింది అర్హత లేకుండా నేరుగా అట్లా సంపాదించిన డిగ్రీతో లా కోర్సులో చేరే వీలు లేదు. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ వరుసగా చదివినవారికి మాత్రం, వాటిని దూరవిద్యలో పూర్తిచేసినా, తలుపు తెరిచే ఉంది. దూరవిద్య అడ్డు కాదు, మధ్యలో మెట్టు లేకపోవడమే అడ్డు.

తాండూరు నుంచి వచ్చే ఒక అభ్యాసకుడికి ఈ సంగతి డిగ్రీ పూర్తయ్యాకే తెలిసింది. చేరేటప్పుడు అడిగితే "ఏం ఫరవాలేదు" అన్నారట ఎవరో. ఆయన కాగితాలు నా ముందు పరిచినప్పుడు ఏం చెప్పాలో తోచక కాసేపు ఊరుకున్నాను. ఇది చదువుతున్న మీలో ఇంటర్ లేనివారుంటే, లా ఆలోచన ఉంటే, లాసెట్ ప్రకటనలోని అర్హతల పేరా ఈరోజే చదవండి.

న్యాయ పరిజ్ఞానం చాలు, వాదించే హక్కు అక్కరలేదనుకునేవారికి దారులు వేరే ఉన్నాయి. నల్సార్ దూరవిద్యలో పేటెంట్ చట్టం, సైబర్ చట్టం వంటి పీజీ డిప్లొమాలు నడుపుతోంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం కింద పనిచేసే పారా లీగల్ వాలంటీర్లకు లా పట్టా అవసరం లేదు. వికారాబాదుకు ఇప్పుడు సొంత జిల్లా కోర్టు కూడా ఉంది.

ఒక వింత చెప్పి ముగిస్తాను. తరగతి హాజరును అంత పట్టుగా కోరిన బార్ కౌన్సిలే 2011 నుంచి లా పట్టా ఉన్నవారికి అఖిల భారత బార్ పరీక్ష పెట్టింది. దాన్ని 2023లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. ఒకనాటి వకాలత్ పరీక్ష ఈ రూపంలో తిరిగి వచ్చింది. ఈసారి హాజరుపట్టీతో కలిసి.